మా వైఫైలో పద్నాలుగు మంది

పోయిన వారం యూపీఐ మోసాల మీద రాస్తే ఒక పాఠకుడు మెయిల్ పెట్టాడు. "ఇవన్నీ మాకు తెలిసినవే. వర్క్ ఫ్రమ్ హోమ్ చేసేవాళ్ల ఇంట్లో నెట్ సంగతి రాయండి, మా ఆఫీసోళ్లు రోజూ భయపెడుతున్నారు" అని. నిజానికి ఈ సంగతి నా దగ్గర ఎప్పట్నుంచో ఉంది. రాయాలంటే నా పరువు నేనే తీసుకోవాలి కాబట్టి వాయిదా వేస్తూ వచ్చాను. సరే, ఈ వారం తీసేసుకుంటున్నా.

మాది ఇస్మాయిల్‌ఖాన్‌పేట. సంగారెడ్డి దగ్గర. దుర్గా భవానీ గుడి ఉన్న ఊరంటే కొందరికి గుర్తొస్తుంది. మిగతావాళ్లకు పటాన్‌చెరు అవతల అని చెప్పి ఊరుకుంటాను. నాన్న పాశమైలారంలో ఒక కంపెనీలో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. మా వైపు ఫ్యాక్టరీని కంపెనీ అనే అంటారు. నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. 2020 లాక్‌డౌన్‌లో గచ్చిబౌలి హాస్టల్ ఖాళీ చేసి రెండు సంచులతో ఇంటికొచ్చాను. ఆ తర్వాత పూర్తిగా తిరిగి వెళ్లిందే లేదు. ఇప్పుడు వారంలో రెండు రోజులు ఆఫీసు, మూడు రోజులు మా ముందు గది.

వైఫై కూడా ఆ లాక్‌డౌన్‌లోనే పెట్టించాం. కనెక్షన్ ఇచ్చిన అబ్బాయి "పాస్‌వర్డ్ ఏం పెట్టాలె అంకుల్?" అని అడిగితే నాన్న ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా తన ఫోన్ నంబరు చెప్పాడు. నాన్న నంబరు మా వాడకట్టులో తెలియనివాళ్లు లేరు. సంఘం మీటింగ్ దగ్గర్నుంచి గ్యాస్ బండి దాకా అందరి ఫోన్లలో ఉంటుంది. అంటే మొదటి రోజు నుంచే మా వైఫై ఊరుమ్మడి బోరింగు.

ఈ మధ్య ఒక బుధవారం, మధ్యాహ్నం మూడు గంటలకు పనిలో ఉండగా నా ఆఫీసు లాప్‌టాప్‌కి ఉన్నట్టుండి నెట్ తెగిపోయింది. ఫోన్‌లో నెట్ వస్తోంది, టీవీలో వస్తోంది, లాప్‌టాప్‌లో మాత్రం లేదు. తెర మీద ఒక్కటే మెసేజ్: ఈ పరికరాన్ని వేరు చేశాం, సెక్యూరిటీ టీమ్‌తో మాట్లాడండి. ఐదు నిమిషాల్లో బెంగళూరు నుంచి ఫోన్. "మేడమ్, మీ ఇంట్లో 192.168.1.11 ఏది?"

మోసాల మీద కాలమ్ రాసేదాన్ని కదా, ముందు ఇతనే మోసగాడనుకున్నాను. ఫోన్ పెట్టేసి, ఐడీ కార్డు వెనక ఉన్న హెల్ప్‌డెస్క్ నంబరుకు నేనే చేశాను. వాళ్లు కలిపింది మళ్లీ అతనికే. నవ్వాడు. "మంచి పని చేశారు మేడమ్. ఆ పని వైఫై విషయంలో కూడా చేసి ఉంటే బాగుండేది" అన్నాడు.

అతను చెప్పింది ఇది. మా ఇంటి వైఫైలో ఉన్న ఏదో ఒక కంప్యూటర్ మూడు రోజులుగా నా లాప్‌టాప్ తలుపులు కొడుతోంది. ఒకసారి కాదు, గంటకు కొన్ని వందల సార్లు. ఏ తలుపు గొళ్లెం పెట్టలేదో చూసుకుంటూ వరసగా తడుముతోంది. నా లాప్‌టాప్ అప్‌డేట్లతో ఉంది కాబట్టి లోపలికి రానివ్వలేదు. కానీ ఆ తలుపు కొడుతున్నది ఏదో తేలేదాకా, నాకు ఆఫీసు నెట్‌వర్క్ బంద్. క్లయింట్ డేటా చూసే అనుమతి కూడా బంద్. "అది ఎవరిది, ఎందుకు అక్కడుంది, ఇప్పుడేం చేశారు, మూడూ రాసి పంపండి" అని పెట్టేశాడు. కొత్త ప్రాజెక్టులో చేరి అప్పటికి నెలన్నర. క్లయింట్ ఆడిట్ వచ్చే వారం.

ఇక్కడ ఒక మాట. మనలో చాలామంది వీపీఎన్ ఆన్ చేస్తే చాలు, అంతా క్షేమం అనుకుంటాం. నేనూ అంతే. మంజీరా నీళ్లు మా వైపు నుంచి పైపుల్లో హైదరాబాద్ పోతాయి కదా, వీపీఎన్ ఆ పైపు లాంటిది. దారిలో ఎవడూ చేయి పెట్టకుండా చూస్తుంది, అంతవరకే. నీళ్లు ఎక్కే చోటే బురద ఉంటే పైపు ఏం చేస్తుంది? బురదను భద్రంగా హైదరాబాద్ చేరుస్తుంది. ఆఫీసు వాళ్ల భయం అదే.

ఇక రౌటర్ లోపలికి వెళ్లి చూడాలి. ఫోన్ బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టాను. కొన్ని కనెక్షన్లకు ఈ అంకె వేరుగా ఉంటుంది, రౌటర్ అడుగున స్టిక్కర్ మీద రాసుంటుంది. యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడిగింది. వైఫై పాస్‌వర్డ్ కొట్టాను, రాలేదు. స్టిక్కర్ చూసి అడ్మిన్, అడ్మిన్ అని కొట్టాను. తలుపు బార్లా తెరుచుకుంది. ఐదేళ్లుగా అంతే ఉంది. ఎవరైనా మా వైఫైలోకి వచ్చి ఆ రెండు మాటలు కొడితే, మా ఇంటి నెట్ ఎటు పోవాలో వాళ్లే నిర్ణయించొచ్చు. నేను బ్యాంకు సైటు పేరు కొడితే ఇంకో చోటికి తీసుకుపోవచ్చు.

వైఫై పాస్‌వర్డ్ వేరు, రౌటర్ పాస్‌వర్డ్ వేరు. ఇది తెలియనివాళ్లు నాతో పాటు చాలామంది ఉంటారని రాస్తున్నా. మొదటిది ఇంట్లోకి రావడానికి. రెండోది ఇంటి పత్రాలు మార్చడానికి. 2016లో మిరాయ్ అనే వైరస్ ఈ రెండోదాన్నే పట్టుకుంది. దాన్ని రాసినవాళ్లు అమెరికాలో ముగ్గురు కుర్రాళ్లు. మొదలైంది మైన్‌క్రాఫ్ట్ గేమ్ సర్వర్ల గొడవల్లో. వాళ్లు పెద్ద విద్యేమీ వాడలేదు. కంపెనీలు తయారీలోనే పెట్టి వదిలేసే యూజర్ పేరు, పాస్‌వర్డ్ జతలు ఒక అరవై దాకా జాబితా రాసి, ప్రపంచంలో కనబడిన ప్రతి రౌటర్ మీదా, ప్రతి కెమెరా మీదా వరసగా కొట్టించారు. లక్షల పరికరాలు లొంగాయి. ఆ ఏడాది అక్టోబర్ 21న అలాంటి పరికరాల సైన్యం డిన్ అనే సంస్థ మీద పడితే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి అమెరికాలో గంటల తరబడి సరిగా తెరుచుకోలేదు. ఆ జాబితాలో మా ఇంటి జత కూడా ఉంది.

సరే, కథలోకి వద్దాం. రౌటర్‌లో కనెక్ట్ అయిన పరికరాల జాబితా తెరిచాను. పద్నాలుగు ఉన్నాయి. నాకు తెలిసినవి ఆరు: నా లాప్‌టాప్, నా ఫోన్, అమ్మ ఫోన్, నాన్న ఫోన్, తమ్ముడి ఫోన్, టీవీ. మిగతా ఎనిమిది ఎవరివి?

సాయంత్రం ఎండ తగ్గాక చేతిలో కాగితం పట్టుకుని వాడకట్టులో బయల్దేరాను. జనాభా లెక్కలకు వచ్చినట్టే. ఇప్పటి ఫోన్లు తమ అసలు గుర్తింపు చెప్పకుండా వైఫైకి ఒక దొంగ నంబరు ఇస్తాయి. అది మన మంచికే గానీ, ఇలాంటప్పుడు ఏది ఎవరిదో పట్టుకోవడం కష్టం. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి "మీ వైఫై ఒక్కసారి బంద్ చెయ్యండి" అని, నా ఫోన్‌లో జాబితా చూస్తూ, మాయమైన దానికి టిక్కు పెట్టుకోవడం. మేడ మీద గదిలో అద్దెకుంటున్న ఒడిశా అబ్బాయిది ఒకటి. నైట్ షిఫ్టు చేసి వచ్చి వాళ్లమ్మతో వీడియో కాల్ మాట్లాడుకునేది మా వైఫైలోనే. "దీదీ, బంద్ కర్ దోగే క్యా?" అని మొహం చిన్నబుచ్చుకున్నాడు. ఎదురుగా కిరాణా కొట్టాయనవి రెండు: ఆయన ఫోన్, ఇంకోటి ఆయన గల్లా పైన పెట్టిన సీసీ కెమెరా. మా వైఫై మీద ఆయన కెమెరా నడుస్తున్నట్టు మాకు తెలియదు. ఆయనకూ దాని పాస్‌వర్డ్ ఏంటో తెలియదు.

ఆ కెమెరా దగ్గర కాసేపు ఆగాను. మొన్నామధ్య గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి కెమెరాల వీడియోలు టెలిగ్రామ్‌లో అమ్మకానికి వచ్చాయి, గుర్తుందా? 2025 ఫిబ్రవరిలో బయటపడింది. అక్కడి కెమెరాలకు అడ్మిన్ 123 అనే పాస్‌వర్డ్ ఉందని ఆ తర్వాత వార్తల్లో వచ్చింది. కెమెరా పెట్టింది భద్రత కోసం. కొట్టాయన కెమెరాలో మా గడప కూడా పడుతుంది. అమ్మ ముగ్గు వేస్తూ, నాన్న లుంగీ మీద పేపరు చదువుతూ, అంతా. ఆయనకు చెప్పి, కూర్చోబెట్టి, పాస్‌వర్డ్ మార్పించేదాకా వదల్లేదు. "మా దుకాణంల ఏముందని చూస్తరమ్మా" అన్నాడు. దుకాణంలో కాదు అంకుల్, మా ఇంట్లో.

మిగిలినవి ఐదు. అందులో నాలుగు మా పెద్దమ్మవాళ్లింటివి. గోడ పక్క గోడే. పెద్దమ్మ, పెద్దనాన్న, వాళ్లబ్బాయి, ముగ్గురి ఫోన్లు. నాలుగోది ఒక డెస్క్‌టాప్. నంబరు చివర పదకొండు.

పెద్దమ్మ కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. ఎంసెట్ కోచింగ్ వీడియోలు చూస్తాడని పెద్దనాన్న ఆ కంప్యూటర్ సెకండ్ హ్యాండ్‌లో కొనిచ్చాడు. నేను అడగ్గానే వాడి మొహం చూస్తేనే అర్థమైంది.

"అక్కా, నేనేం జెయ్యలే. గేమ్ ఒక్కటే దించిన."

"పైసలు వెట్టి కొన్నవా?"

"లే. ఫ్రీగ దొరికింది. యాంటీవైరస్ బంద్ జేసి పెట్టుమని అండ్లనే రాసుండె."

అదీ సంగతి. దొంగతనానికి వచ్చేవాడు 'కుక్కను కట్టేయండి' అని బోర్డు పెట్టి వస్తే మనవాడు కట్టేశాడు. గేమ్ వచ్చింది, ఆడుకున్నాడు కూడా. దాంతో పాటు వచ్చినది వెనక కూర్చుని, మా వైఫైలో ఇంకెవరున్నారో చూడటం మొదలుపెట్టింది.

ఒకే వైఫైలో ఉంటే ఏమవుతుందో 2017 మే నెలలో ప్రపంచమంతా చూసింది. వానాక్రై. ఒక్క కంప్యూటర్‌కు సోకితే చాలు, ఎవరూ ఏదీ నొక్కకుండానే పక్కదానికి, దాని పక్కదానికి పాకేది. ఫైళ్లకు తాళం వేసి డబ్బులు అడిగేది. ఇంగ్లండ్‌లో ఆసుపత్రులు ఆగిపోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా దానికి చిక్కాయి. అసలు బాధ ఏమిటంటే, ఆ కన్నం పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చేసింది. రెండు నెలలు 'రిమైండ్ మీ లేటర్' నొక్కినవాళ్లందరూ మే నెలలో ఏడ్చారు. నా లాప్‌టాప్ నిలబడిందంటే నా తెలివి కాదు, ఆఫీసు వాళ్లు నన్ను అడక్కుండా అప్‌డేట్లు వేస్తారు కాబట్టి. మీటింగ్ మధ్యలో రీస్టార్ట్ అయినప్పుడల్లా తిట్టుకున్నదాన్ని, ఇప్పుడు తిట్టను.

మన దగ్గర ఇంకా పెద్ద ఉదాహరణ మహేశ్ బ్యాంక్. 2022 జనవరిలో హైదరాబాద్‌లోని ఆ సహకార బ్యాంకు నుంచి రూ.12.48 కోట్లు మాయమయ్యాయి. అంతకు రెండు నెలల ముందు ఉద్యోగులకు రెండొందలకు పైగా దొంగ మెయిళ్లు వచ్చాయి. తెరిచింది ఇద్దరే. ఇద్దరు చాలు. హెడ్డాఫీసు, బ్రాంచీలు వేరువేరు గదుల్లా విడదీసి లేకపోవడం కూడా దొంగలకు కలిసొచ్చిందని పోలీసులు అప్పట్లో చెప్పారు. ఆ తర్వాత రిజర్వ్ బ్యాంకు ఆ బ్యాంకుకు జరిమానా కూడా వేసింది. మా బెల్టులో బొల్లారం పేరు చెబితే గుర్తొచ్చే డాక్టర్ రెడ్డీస్ మీద కూడా లాక్‌డౌన్ ఏడాదిలోనే, 2020 అక్టోబర్ 22న, రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. వాళ్లు తమ డేటా సెంటర్ సేవలన్నిటినీ వెంటనే విడదీసి పక్కన పెట్టారు. బెంగళూరు నుంచి నా లాప్‌టాప్‌ను తెంపేసినతను చేసింది అదే పని, చిన్న ఎత్తున. ఆ రోజు కోపమొచ్చింది గానీ ఇప్పుడు ఆలోచిస్తే అతను చేసింది సరైనదే.

"బ్యాంకులూ మందుల కంపెనీలూ అంటే సరే, మా ఇంటి మీద ఎవడు పడతాడు?" అంటారేమో. మన ఇంటి కోసం కాదు, మన ఇంటి మీదుగా పోవడానికి. లాస్ట్‌పాస్ అని పాస్‌వర్డులు దాచిపెట్టే కంపెనీ ఉంది. 2022లో అక్కడ దొంగలు పడ్డారు. ఆ కంపెనీలో ముఖ్యమైన తాళాలు నలుగురు ఇంజినీర్ల దగ్గర మాత్రమే ఉన్నాయి. దొంగలు వాళ్లలో ఒకరి ఇంటి కంప్యూటర్‌ను పట్టుకున్నారు. అందులో సినిమాలు చూసుకునే ప్లెక్స్ అనే సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ ఉంది. దాని కన్నం 2020 మేలోనే పూడ్చారు, ఆ ఇంజినీరు అప్‌డేట్ చేసుకోలేదు. ఆ కన్నంలోంచి దూరి, ఆయన కొట్టే ప్రతి అక్షరాన్నీ రాసుకుని, మాస్టర్ పాస్‌వర్డ్ పట్టేశారు. పాస్‌వర్డుల కంపెనీ ఖజానాకు దారి ఒక ఉద్యోగి ఇంట్లో సినిమాల పెట్టెలోంచి దొరికింది. మా పెద్దమ్మ కొడుకు గేమ్‌ను తక్కువగా చూడొద్దని చెప్పడానికి ఇదంతా.

రాత్రి ఎనిమిదింటికల్లా పాస్‌వర్డ్ మార్చేశాను. వాడకట్టు మొత్తానికి ఒకేసారి నెట్ పోయింది. ఎనిమిదింబావుకు పెద్దమ్మ మా వాకిట్లో ఉంది.

"ఏం బిడ్డా, మా ఇంట్ల పురుగు వడ్డదని ఊరంత చెప్పొస్తివట?"

"పురుగు కాదు పెద్దమ్మా, వైరస్. కంప్యూటర్‌ది."

"ఏదైతేంది. కరోనప్పుడు పోరడు నీ వైఫైల్నే గద క్లాసులు విన్నడు. గప్పుడు లేని పురుగు ఇప్పుడొచ్చిందా? పాస్‌వర్డ్ మార్చి మమ్మల్ని బైట వెడ్తివి."

నాకు నోట మాట రాలేదు. రౌటర్ కంపెనీలు ఇంగ్లీషులో రాసే సలహాల్లో ఈ భాగం ఉండదు. 'పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వొద్దు' అని ఒక్క లైను రాసి పారేస్తారు. మా ఇంట్లో నాన్న నైట్ షిఫ్టులో ఉన్నప్పుడు నానమ్మకు ఆయాసం వస్తే, సంగారెడ్డి ఆసుపత్రికి బండి మీద తీసుకుపోయింది పెద్దనాన్న. ఆ ఇంటికి పాస్‌వర్డ్ ఇవ్వను అని చెప్పే ధైర్యం నాకు లేదు. చెప్పాలని కూడా లేదు. అమ్మ మధ్యలో పడి "లోపలికి రా అక్కా, చాయ్ పెడుతున్న" అంది. పెద్దమ్మ రాలేదు. అరుగు మీద కూర్చుంది.

ఆ అరుగును చూస్తుంటేనే గెస్ట్ నెట్‌వర్క్ గుర్తొచ్చింది. దాదాపు ప్రతి రౌటర్‌లోనూ ఉంటుంది, ఎవరూ ముట్టుకోరు. ఒకే పెట్టె నుంచి రెండు వైఫైలు వస్తాయి, పేర్లు వేరు, పాస్‌వర్డులు వేరు. గెస్ట్‌లో ఉన్నవాళ్లకు నెట్ వస్తుంది గానీ, లోపలి వైఫైలో ఏముందో కనబడదు. మన ఇళ్ల అరుగు ఇంతే కదా. దారిన పోయేవాళ్లయినా కూర్చోవచ్చు, నీళ్లు అడిగి తాగొచ్చు. నడింట్లోకి మాత్రం ఎవరూ తన్నుకుంటూ రారు. పెద్దమ్మకు అలాగే చెప్పాను. "నీకు అరుగు మీద వేరే వైఫై పెడుతున్న పెద్దమ్మా, పాస్‌వర్డ్ నీకిష్టమైంది చెప్పు" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత మనవరాలి పేరు చెప్పింది. మనవరాలి పేరుకు ఇంకో మూడు మాటలు కలిపి పెట్టాను.

పెట్టేటప్పుడు ఒకటి చూసుకోండి. కొన్ని రౌటర్లలో గెస్ట్ పక్కనే 'స్థానిక నెట్‌వర్క్ చూడనివ్వాలా' అనే అర్థం వచ్చే టిక్కు ఉంటుంది. అది తీసేయాలి, లేకపోతే అరుగుకూ నడింటికీ మధ్య గోడ లేనట్టే. పరీక్ష కూడా సులువే: ఫోన్‌ను గెస్ట్‌కు కలిపి రౌటర్ పేజీ తెరవండి. తెరుచుకుంటే గోడ లేదన్నట్టే లెక్క. కనెక్షన్ వాళ్లిచ్చిన పెట్టెలో గెస్ట్ అసలు లేకపోతే, వెయ్యి, పదిహేను వందల్లో ఒక చిన్న రౌటర్ కొని దాని వెనక మీ ఆఫీసు లాప్‌టాప్ ఒక్కటే పెట్టుకోండి. ఇప్పుడు మా ఇంట్లో లోపలి వైఫైలో ఉన్నవి ఇంటి ఫోన్లు, లాప్‌టాప్. టీవీని కూడా అరుగు మీదకే పంపించాను. ఎన్నేళ్ల నుంచి అప్‌డేట్ లేదో దానికి.

ఇక పాస్‌వర్డ్. ఫోన్ నంబరు ఎందుకు పనికిరాదో చిన్న లెక్క వేద్దాం, నాన్నకు వేసి చూపించిందే. మన మొబైల్ నంబరు పది అంకెలు, మొదటిది 6, 7, 8, 9లలో ఒకటి. అంటే మొత్తం 400 కోట్ల రకాలు. చాలా ఎక్కువగా కనిపిస్తోంది కదా? మీ ఇంటి బయట నిలబడి, మీ ఫోన్ వైఫైకి కలిసే ఒక్క క్షణాన్ని పట్టుకుంటే చాలు, ఆ తర్వాత పని ఇంటికి పోయి చేసుకోవచ్చు. గేమింగ్ కోసం కొనే మంచి గ్రాఫిక్స్ కార్డు సెకనుకు సుమారు 10 లక్షల పాస్‌వర్డులు ప్రయత్నిస్తుంది. 400 కోట్లను 10 లక్షలతో భాగించండి. నాలుగు వేల సెకన్లు. గంటా పది నిమిషాలు కూడా పట్టదు. నాన్న ఆ లెక్క రెండుసార్లు చేయించుకున్నాడు. పొంతన లేని నాలుగు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, మధ్యలో అంకె పెడితే ఆ కార్డుకు పళ్లు రాలతాయి. సినిమా డైలాగు మాత్రం పెట్టకండి, అవన్నీ వాళ్ల జాబితాల్లో ఉంటాయి.

రౌటర్ మీద డబ్ల్యూపీఎస్ అని బటన్ ఉంటుంది. దాని పిన్ను సెట్టింగుల్లో ఆపేయండి. ఎనిమిది అంకెల పిన్ను అంటారు గానీ, రౌటర్ దాన్ని రెండు ముక్కలుగా సరిచూస్తుంది. ముందు నాలుగు కరెక్టా, తర్వాత మూడు కరెక్టా. ఎనిమిదోది లెక్క సరిచూసే అంకె. కాబట్టి పది కోట్ల ప్రయత్నాలు కావాల్సిన చోట పదకొండు వేలు చాలు. ఈ సంగతి 2011లోనే బయటపడింది. తర్వాత చాలా కంపెనీలు అడ్డుకట్టలు వేశాయి గానీ మీ పాత పెట్టెలో ఉందో లేదో ఎవరు చూడొచ్చారు? రిమోట్ మేనేజ్‌మెంట్ ఆన్‌లో ఉంటే అదీ తీసేయండి. సెక్యూరిటీ అనే చోట డబ్ల్యూపీఏ3 ఉంటే అది, లేకపోతే డబ్ల్యూపీఏ2. రౌటర్‌కు కూడా ఫోన్ లాగే అప్‌డేట్లు ఉంటాయని నాకు ఆ రాత్రి దాకా తెలియదు. మాది కొన్నప్పటి నుంచి ఒక్కటీ వేయలేదు.

మర్నాడు కనెక్షన్ వాళ్ల అబ్బాయికి ఫోన్ చేసి, అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చానని చెబితే "ఎందుకక్కా, రేపు మీరే మర్చిపోతరు, మళ్ల మాకే ఫోన్ జేస్తరు" అన్నాడు. వాళ్ల బాధ వాళ్లది. కొత్త పాస్‌వర్డ్ కాగితం మీద రాసి బీరువాలో పట్టు చీరల కింద పెట్టాను. ఇంటర్నెట్‌లోంచి ఎవడూ మా అమ్మ బీరువాలోకి రాలేడు.

2024 డిసెంబర్‌లో మా జిల్లాలోనే సంగుపేటలో టీ-ఫైబర్ మొదలుపెట్టారు. ఊరూరికీ ఇలాంటి పెట్టెలు వస్తాయి, రావాలి కూడా. పెట్టెతో పాటు పాస్‌వర్డ్ మార్చి చూపించే మనిషి కూడా వస్తే బాగుండు. ఈ విషయంలో ఆఫీసుల మీద కూడా నాకు కోపముంది. నాకు లాప్‌టాప్ ఇచ్చారు, కుర్చీకి డబ్బులిచ్చారు, నలభై పేజీల సెక్యూరిటీ పాలసీ పంపి 'ఐ అగ్రీ' నొక్కించుకున్నారు. 'మీ ఇంట్లో రౌటర్ ఏది, దాని పాస్‌వర్డ్ మార్చారా' అని ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు. తలుపు కొట్టిన శబ్దం వినబడ్డాక మాత్రం అరగంటలో మూడు ఫారాలు పంపారు.

గురువారం పెద్దమ్మ కొడుకూ నేనూ కూర్చుని ఆ డెస్క్‌టాప్‌ను పూర్తిగా తుడిచేసి మళ్లీ విండోస్ వేశాం. కోచింగ్ నోట్సు ముందు పెన్‌డ్రైవ్‌లోకి తీశాం, గేమ్ తీయలేదు. వాడు దాన్ని చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. తుడిచేయడం వద్దనుకునేవాళ్లకు సైబర్ స్వచ్ఛతా కేంద్ర అని కేంద్ర ప్రభుత్వానిదే ఒకటుంది, 2017 నుంచి ఇలాంటివి ఏరేసే సాధనాలు ఉచితంగా ఇస్తోంది. ఆ కంప్యూటర్‌లో ఎప్పుడైనా లాగిన్ అయిన మెయిల్, ఇన్‌స్టా, అన్నిటి పాస్‌వర్డులూ వేరే ఫోన్ నుంచి మార్పించాను. పెద్దనాన్న అందులో ఒకసారి బ్యాంకు ఖాతా చూసుకున్నాడట. బ్యాంకుకు వెళ్లి అదీ మార్పించుకొచ్చాం. డబ్బులేమీ పోలేదు. పోయి ఉంటే ఆలోచించకుండా 1930కి కొట్టడమే, ఎంత తొందరగా చేస్తే అంత తిరిగి పట్టుకునే వీలుంటుంది.

బెంగళూరుకు నా జవాబు మూడు పేజీలు అయ్యింది. 'అది ఎవరిది' అన్న ప్రశ్నకు 'మా కజిన్‌ది' అని, 'ఎందుకు అక్కడుంది' అన్న దగ్గర చాలాసేపు ఆగి, 'పక్కిల్లు కాబట్టి' అని రాశాను. శుక్రవారం సాయంత్రం లాప్‌టాప్ తిరిగి తెరుచుకుంది. రెండు రోజులు లీవులో పడ్డాయి. క్లయింట్ డేటా అనుమతి మాత్రం ఆడిట్ అయ్యాకే ఇచ్చారు, ఆ వారమంతా మీటింగుల్లో మ్యూట్‌లో కూర్చున్నాను. ఉద్యోగం ఉంది. మేనేజర్ ఒక్క మాట కూడా అనలేదు, అదే ఇంకా భయమేసింది. పెద్దమ్మ నాలుగు రోజులు సరిగా మాట్లాడలేదు. ఐదో రోజు గిన్నెలో మామిడికాయ పప్పు పంపింది, వాడి చేతే.

పద్నాలుగులో పదమూడు లెక్క తేలాయి. పద్నాలుగోది ఎవరిదో తెలియలేదు. వాడకట్టులో ఎవరి వైఫై ఆపినా అది జాబితాలోంచి పోలేదు. పాస్‌వర్డ్ మార్చాక మాత్రం మళ్లీ రాలేదు. ఏ దొంగో తలుపు మూసేసరికి పోయాడని లోలోపల సంతోషించాను. బెంగళూరు రిపోర్టులో కూడా 'గుర్తు తెలియని పరికరం, తొలగించబడింది' అని గర్వంగా రాశాను.

ఆదివారం పొద్దున నానమ్మ మంచం మీద నుంచి కేకేసింది. మూడు రోజులుగా చూస్తోందట, చెప్పలేదట. నాన్న పాత ఫోన్ దిండు కింద నుంచి తీసి నా చేతిలో పెట్టింది.

"జర సూడు బిడ్డా. నా భజనలు వస్తలెవ్వు."